స్టుట్‌గార్ట్‌లో అంగుళం పేచీ

పాత స్పోర్ట్స్ కారుకు వెడల్పు చక్రాలు బిగించాలంటే మెకానిక్ ఒక్కడే సరిపోడు. చరిత్ర, చట్టం, లెక్కలు... చివరికి ఇంట్లోవాళ్లూ ఒప్పుకోవాలి. పోర్షె కార్లు పుట్టిన ఊళ్లో ఈ అంగుళాల కథ వింటే భలే సరదాగా ఉంటుంది.

స్టుట్‌గార్ట్ ప్రధాన రైల్వేస్టేషన్లో ఎస్-6 లోకల్ రైలెక్కితే పావుగంటలోపే నోయ్‌విర్ట్స్‌హౌస్ అనే చిన్న స్టేషన్ వస్తుంది. పక్కనే పోర్షెప్లాట్జ్ అని కూడా రాసి ఉంటుంది. అక్కడ దిగి రోడ్డు మీదికొచ్చిన వాళ్లెవరైనా ముందు చేసే పని మెడ పైకెత్తడం. కూడలి మధ్యలో మూడు తెల్లటి స్తంభాలు వెదురుబొంగుల్లా ఆకాశంలోకి సాగి ఉంటాయి. ఒక్కోదాని కొసన ఒక్కో కారు! అన్నిటికంటే పొడుగు స్తంభం ఎత్తు 24 మీటర్లు. 2015లో ఈ శిల్పాన్ని ఇక్కడ నిలబెట్టారు. మూడు కార్లూ 911 మోడలువే. కాకపోతే తాత, తండ్రి, మనవడు అన్నట్టు మూడు వేర్వేరు తరాలవి.

ముఖం చూస్తే ముగ్గురిదీ ఒకే పోలిక. నడుము చూస్తేనే తేడా తెలుస్తుంది. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదటిసారి జనం ముందుకొచ్చినప్పుడు ఈ కారు వెడల్పు 1610 మిల్లీమీటర్లు. ఇప్పటి తరం 911 వెడల్పు 1852 మిల్లీమీటర్లు. జానెడు పైనే పెరిగింది. కూర్చునేవాళ్లు లావెక్కారని పెంచింది కాదది. వెనక చక్రాలు వెడల్పయ్యాయి, వాటిని కప్పడానికి మడ్‌గార్డులు ఉబ్బాయి, వాటికి తగ్గట్టు ఒళ్లూ పెరిగింది. ఆ పెరుగుదల ఎక్కడ మొదలైందో చూడాలంటే రోడ్డు దాటి మ్యూజియంలోకి వెళ్లాలి.

అంతకన్నా ముందు ఊరి గురించి నాలుగు ముక్కలు. స్టుట్‌గార్ట్ గిన్నె లాంటి లోయలో ఉంటుంది. చుట్టూ కొండలు, వాటి వాలుల మీద ద్రాక్షతోటలు. నగరం నడిబొడ్డు నుంచి చూసినా తోటలు కనిపిస్తాయి. గాట్‌లీబ్ డైమ్లర్ తొలినాళ్ల ఇంజిన్లు తయారు చేసింది ఇక్కడి కాన్‌స్టాట్‌లోనే. బాష్ కంపెనీ 1886లో పుట్టిందీ ఇక్కడే. బెంగళూరులోని బెంజి, బాష్ ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లకు ఈ ఊరి పేరు కొత్తేం కాదు. ఇక్కడివాళ్లను స్వేబియన్లంటారు. పొదుపుకీ పద్ధతికీ పెట్టింది పేరని మిగతా జర్మన్లు జోకులేస్తుంటారు. అపార్టుమెంట్లో మెట్లు ఊడ్చే వంతు ఈ వారం ఎవరిదో తలుపుకి చీటీ తగిలించే ఆచారం ఇక్కడిది. మెట్ల దగ్గరే అంత లెక్క ఉన్న ఊళ్లో కారు చక్రానికి లెక్క లేకుండా ఉంటుందా?

సైకిలు వెనక బియ్యం బస్తా

మూడు భారీ కాళ్ల మీద గాల్లో తేలుతున్నట్టుండే పోర్షె మ్యూజియం భవనాన్ని 2009 జనవరిలో ప్రారంభించారు. లోపల ఒకేసారి 80 దాకా బళ్లుంటాయి. సోమవారం సెలవు. పిల్లలతో వెళ్లేవాళ్లు పూట సమయం పెట్టుకోవాల్సిందే. కింది అంతస్తులో అద్దాల వెనక వర్క్‌షాపు ఒకటి ఉంది. పాత కార్లను విప్పి బాగుచేసే మెకానిక్‌లను గాజు ఇవతల నిలబడి చూడొచ్చు. నా మటుకు నాకు పైనున్న తళతళలాడే కార్ల కన్నా ఆ విప్పేసిన కార్ల దగ్గరే ఎక్కువసేపు గడిచింది.

తొలి 911 దగ్గర నిలబడితే మొదట ఆశ్చర్యపరిచేది చక్రాలే. ఎంత సన్నగా ఉంటాయంటే, అంత పేరున్న స్పోర్ట్స్ కారుకి ఇవేం చక్రాలు అనిపిస్తుంది. రిమ్ము వెడల్పు నాలుగున్నర అంగుళాలు. టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు. మన ఇళ్ల ముందుండే మామూలు చిన్న కార్లకు ఇప్పుడొస్తున్న టైర్లూ ఇంచుమించు ఇంతే ఉంటాయి. వీటితోనే అది గంటకు 210 కిలోమీటర్ల వేగం అందుకునేది.

చిక్కల్లా మలుపుల్లో వచ్చేది. 911లో ఇంజిన్ వెనక ఉంటుంది. అదీ వెనక చక్రాల కంటే ఇంకా వెనక్కి. సైకిలు క్యారియర్ మీద బియ్యం బస్తా కట్టుకుని సందు మలుపు తిరిగినవాళ్లకు దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు. సైకిలు తిరుగుతుంది, బస్తా మాత్రం నేరుగా పోదామంటుంది. వేగంగా మలుపులోకి వెళ్లి, భయపడి యాక్సిలరేటర్ మీంచి ఠక్కున కాలు తీస్తే 911 వెనక భాగం కూడా అలాగే పక్కకు కొట్టుకుపోయేది. కంపెనీ ఏం చేసిందో తెలుసా? ముందు బంపర్లో ఒక్కోటి 11 కిలోలుండే ఇనుప దిమ్మలు రెండు దాచిపెట్టింది! వెనక బరువు ఎక్కువైతే ముందు బరువు పెట్టడం... తక్కెడ సిద్ధాంతమన్నమాట. 1969 మోడల్ నుంచి ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచారు. అప్పటికి కొంత నెమ్మదించింది.

అసలు మందు మాత్రం చక్రాల్లోనే దొరికింది. 1967 మోడల్ 911 ఎస్‌కి తొలిసారి ఫుక్స్ రిమ్ములు వచ్చాయి. మైనెర్త్స్‌హాగెన్ అనే ఊళ్లోని ఓటో ఫుక్స్ కంపెనీ వీటిని పోత పోయకుండా, అల్యూమినియం దిమ్మను సాగగొట్టి తయారుచేసేది. ఇనుప రిమ్ము కంటే తేలిక. ఐదు రేకుల పువ్వులాంటి ఆ ఆకారాన్ని గీసింది పోర్షె డిజైన్ విభాగంలోని హైన్‌రిష్ క్లై. స్ప్రింగుల కింద వేలాడే బరువు ఎంత తగ్గితే గతుకుల్లో చక్రం అంత త్వరగా నేలకు తిరిగొస్తుంది. అందుకే తేలిక రిమ్ముకు అంత విలువ. మొదట నాలుగున్నర, తర్వాత ఐదున్నర, 1969 మోడల్ ఎస్‌కి ఆరు అంగుళాలు... అలా రెండేళ్లలో ఒకటిన్నర అంగుళం పెరిగింది.

అచ్చంగా 1580 కార్లు

మ్యూజియానికి వచ్చే కార్ల పిచ్చోళ్లందరూ ఆగే చోటు ఒకటుంది. తెల్లటి ఒంటి మీద తలుపుల కింద పెద్ద అక్షరాలతో 'కరేరా' అని రాసి, రిమ్ముల మధ్య భాగానికీ అదే రంగు వేసి, వెనక బాతుతోకలాంటి రెక్క ఉండే కారు. పేరు 911 కరేరా ఆర్ఎస్ 2.7. 1972 అక్టోబర్లో ప్యారిస్ ప్రదర్శనలో పెట్టారు.

నిజానికి ఇది పందేల కోసం పుట్టింది. కానీ ఆ తరగతి పందేల్లో దించాలంటే అలాంటి కార్లు కనీసం 500 తయారుచేసి జనానికి అమ్మాలని రూలు. అన్ని ఎవరు కొంటారని అమ్మకాల విభాగం వాళ్లే అనుమానపడ్డారట. తీరా నవంబర్ నెలాఖరుకే 500 అయిపోయాయి. చివరికి 1580 కార్లు తయారయ్యాయి. వీధుల్లో నడిచే 911లో ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ వెడల్పు వేరువేరుగా పెట్టడం దీంతోనే మొదలైంది. ముందు ఆరు అంగుళాలు, వెనక ఏడు. ఆ ఏడంగుళాల కోసం వెనక మడ్‌గార్డులను కాస్త ఉబ్బించారు. కారు మొత్తం వెడల్పు 42 మిల్లీమీటర్లు పెరిగింది. అంటే ఒక్కో పక్క వేలి మందం. ఆ వేలి మందం ఉబ్బే తర్వాత అర శతాబ్దం పాటు 911 అందానికి గుర్తయి కూర్చుంది.

దీని పందెం రూపం ఆర్ఎస్ఆర్‌కి ముందు తొమ్మిది, వెనక పదకొండు అంగుళాల రిమ్ములు. 1973 ఫిబ్రవరిలో అమెరికాలోని డేటోనా 24 గంటల పందెం, మే నెలలో ఇటలీలోని టార్గా ఫ్లోరియో... రెండూ గెలిచింది.

ఇక్కడ టైరు మీద రాసే అంకెల గురించి చెప్పుకోవాలి. ఆర్ఎస్ ముందు టైరు 185/70-15. వెనకది 215/60-15. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది పక్క గోడ ఎత్తు, వెడల్పులో ఎంత శాతమో. మూడోది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. మీటర్లనూ కిలోలనూ ప్రాణంలా చూసుకునే జర్మనీలో కూడా రిమ్ము దగ్గరికొచ్చేసరికి అంగుళాలే! ఒకే టైరు మీద మూడు రకాల కొలతలు. ఎవరు పెట్టారోగానీ పిల్లల లెక్కల పరీక్షకు బాగా పనికొస్తుంది. 185లో 70 శాతం అంటే 129.5 మిల్లీమీటర్లు. 215లో 60 శాతం అంటే 129. చూశారా? వెనక టైరు మూడు సెంటీమీటర్లు వెడల్పయినా దాని ఎత్తు మాత్రం దాదాపు ముందుదాని అంతే. ఎత్తు మారితే స్పీడోమీటర్ అబద్ధం చెబుతుంది, గేర్ల లెక్కా తప్పుతుంది. వెడల్పు పెంచినప్పుడల్లా శాతం తగ్గించేది ఇందుకే.

దోసె పిండి సూత్రం

వెడల్పు టైరు వేస్తే ఎక్కువ రబ్బరు నేలకు ఆనుతుంది, పట్టు పెరుగుతుంది... మనందరం అనుకునేది ఇదే. సగమే నిజం. కారు బరువు మారలేదు. టైర్లో గాలి ఒత్తిడీ మారలేదు. అలాంటప్పుడు నేలకు ఆనే రబ్బరు విస్తీర్ణం పెద్దగా పెరగదు. గరిటెడు దోసె పిండిని గుండ్రంగా పోసినా కోలగా పోసినా పిండి అంతేగా! మారేది ఆకారం. సన్నటి టైరు కింద ఆ అచ్చు కారు పొడవు వైపు సాగి ఉంటుంది. వెడల్పు టైరు కింద అడ్డంగా పరుచుకుంటుంది. మలుపులో కారును బయటికి తోసే బలాన్ని అడ్డుకోవడానికి ఈ అడ్డం అచ్చే మేలు. పక్కగోడ పొట్టిగా ఉంటుంది కాబట్టి టైరు అంతగా మెలికపడదు. వేడి కూడా ఎక్కువ రబ్బరుకు పంచుకుంటుంది. లాభాలివీ.

నష్టాలూ తక్కువేం కావు. స్టీరింగ్ బరువెక్కుతుంది. ఈ పాత 911లలో పవర్ స్టీరింగ్ లేదు మరి. పార్కింగ్‌లో తిప్పాలంటే పిండి రుబ్బినంత పని. రోడ్డు మీద లారీలు చేసిన గాళ్లు కనబడితే చాలు, వెడల్పు టైరు అటే లాగుతుంది. వానలో సన్నటి టైరు నీటిని కత్తిలా కోసుకుంటూ పోతే వెడల్పుది చెక్కపలకలా తేలాలని చూస్తుంది. రిమ్ము మరీ బయటికి పొడుచుకొస్తే బేరింగుల మీద భారం పెరుగుతుంది. వీటన్నిటికీ మించి గాలి. 1984 నుంచి పోర్షె ఒక చిత్రమైన అవకాశం ఇచ్చింది. టర్బో ఇంజిన్ అక్కర్లేదు, టర్బో కారులాంటి వెడల్పు ఒళ్లు మాత్రం కావాలనేవాళ్లకు మామూలు కరేరాకే వెడల్పు మడ్‌గార్డులు బిగించి అమ్మింది. జనం ఎగబడ్డారు. తమాషా ఏమిటంటే, ఎదురుగాలి ఎక్కువ తగిలి ఆ వెడల్పు కారు అదే ఇంజిన్ ఉన్న సన్నకారు కంటే తక్కువ వేగం పోయేది. డబ్బు ఎక్కువ, వేగం తక్కువ! అయినా కొన్నారంటే ఆ నడుము అందం అలాంటిది మరి.

ఆ పిచ్చికి మూలం 1974లో ప్యారిస్‌లోనే వచ్చిన 911 టర్బో. ముందు ఏడు, వెనక ఎనిమిది అంగుళాల రిమ్ములు. ఒంటి వెడల్పు 1775 మిల్లీమీటర్లు. పోస్టర్ల మీద ఆ కారును చూసి పెరిగిన కుర్రాళ్లు 1980ల్లో తమ పాత సన్న 911లను షెడ్డుకు తీసుకెళ్లి, మడ్‌గార్డులు కోయించి, టర్బో మడ్‌గార్డులు అతికించుకున్నారు. ఒకళ్లిద్దరు కాదు, చాలామంది. ఇప్పుడు అసలు రూపంలో ఉన్న సన్న 911లకే గిరాకీ. దాంతో అప్పట్లో కోయించినవాళ్లు మళ్లీ డబ్బు పోసి సన్నగా చేయించుకుంటున్నారు.

తండ్రి మాట, కొడుకు మాట

ఊరికి పడమర కొండ మీద సోలిట్యూడ్ అనే తెల్లటి చిన్న కోట ఉంది. డ్యూక్ కార్ల్ ఓయిగెన్ 1763లో మొదలుపెట్టి 1769 నాటికి కట్టించుకున్న విలాస మందిరం. దాని ముందు నుంచి లుడ్విగ్స్‌బుర్గ్ కోట దాకా 13 కిలోమీటర్లు తాడు పట్టి గీసినట్టు తిన్నగా రోడ్డు వేయించాడు. ఎంత తిన్నగా అంటే, 1820లో ఈ రాజ్యం మొత్తాన్ని సర్వే చేయడానికి ఆ గీతనే ఆధారంగా తీసుకున్నారు. మరి అదే కొండ చుట్టూ అడవిలో ఉన్న రోడ్లు మాత్రం పాములాంటివి. వాటి మీదే 1965 వరకు కార్ల, మోటార్‌సైకిళ్ల పందేలు జరిగాయి. చుట్టు 11.4 కిలోమీటర్లు. 1962 జూలైలో డాన్ గర్నీ ఇక్కడ పోర్షె ఫార్ములావన్ కారుతో గెలిచాడు. అంతకు వారం ముందే ఫ్రాన్స్‌లో గెలిచి వచ్చాడు. సొంతూరి కారు, సొంతూరి కొండ... ఆ రోజు ఈ అడవి ఎంత హోరెత్తి ఉంటుందో!

ఇప్పుడవి మామూలు రోడ్లే. ఎవరైనా వెళ్లొచ్చు. ఆదివారం ఉదయం గ్లెమ్‌సెక్ అనే చోట మోటార్‌సైకిళ్లవాళ్లు, పాత కార్లవాళ్లు పోగవుతారు. కాఫీ తాగుతూ ఒకరి బండి కింద ఇంకొకరు తలపెట్టి చూడటం అక్కడి కాలక్షేపం. అక్కడే కనిపించారు, ఆకుపచ్చ 911 టి కారుతో ఒక తండ్రీకొడుకులు. 1971 నాటి కారు. 2.2 లీటర్ల ఇంజిన్, 125 గుర్రాల శక్తి. పెద్దాయన రిటైరైన లెక్కల మాస్టారు. కొడుక్కి ముప్పయ్యేళ్లుంటాయి, కంప్యూటర్ ఉద్యోగం. నేను చక్రాల దగ్గర వంగి అంకెలు రాసుకోవడం చూసి పెద్దాయనే పలకరించారు.

ఇంట్లో ఏడాదిన్నరగా ఇదే గొడవట. కారు ఇకపై కొడుకు నడుపుతాడు. అందులో పేచీ లేదు. దానికొచ్చిన చక్రాలు మాత్రం అతనికి నచ్చలేదు. ఐదున్నర అంగుళాల ఇనుప రిమ్ములు, 165 టైర్లు. 'సైకిలు చక్రాల్లా ఉన్నాయి' అని అతని అభిప్రాయం. మొదట 17 అంగుళాల కొత్తరకం రిమ్ములు తెచ్చి వేస్తానన్నాడు. దానికి తండ్రి వాదించనే లేదు. 'నంబర్ ప్లేటు మీద చివరి అక్షరం చూడు' అన్నారట.

ఆ చివరి అక్షరం 'హెచ్'. జర్మనీలో 1997 నుంచి అమల్లోకి వచ్చిన ఏర్పాటు ఇది. కారుకు 30 ఏళ్లు నిండి, అసలు రూపంలో చక్కగా ఉంటే చారిత్రక వాహనంగా గుర్తించి ఈ ప్లేటు ఇస్తారు. ఇంజిన్ ఎంత పెద్దదైనా కారుకు పన్ను ఏడాదికి 191 యూరోల 73 సెంట్లే. మామూలు ప్లేటు మీదైతే ఇలాంటి పాత ఇంజిన్‌కు దానికి దాదాపు మూడింతలు కట్టాలి. ఇంకో సంగతీ ఉంది. గిన్నె లాంటి ఊరు కదా, పొగ బయటికి పోదు. స్టుట్‌గార్ట్ గాలి జర్మనీ మొత్తానికి చెడ్డపేరు మోసింది. 2008లో నగరాన్ని కాలుష్య నియంత్రణ ప్రాంతంగా ప్రకటించి పొగ వదిలే పాత కార్లను రావద్దన్నారు. 'హెచ్' ప్లేటు ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చారు. ఆ అక్షరం పోయిందంటే తన ఊళ్లోకి తన కారే రాలేని పరిస్థితి!

మరి చక్రాలు మార్చకూడదా అంటే మార్చొచ్చు. కారు రిజిస్టరైన తొలి పదేళ్లలో వాడుకలో ఉన్న రకం మార్పులైతే ఒప్పుకుంటారు. 1971 కారుకు 17 అంగుళాల రిమ్ములు ఆ లెక్కలోకి రావు. దాంతో కొడుకు రెండో ప్రణాళిక వేశాడు. టర్బో రిమ్ములు... ముందు ఏడు, వెనక ఎనిమిది. అవి 1974 నాటికే వచ్చాయి కాబట్టి పదేళ్ల లెక్కలో ఇముడుతాయని వాదన. కాగితాల మీద దారి దొరకొచ్చు కూడా. కానీ ఎనిమిదంగుళాల రిమ్ము పట్టాలంటే వెనక మడ్‌గార్డులు కోయాలి.

"రిమ్ము నచ్చకపోతే నాలుగు బోల్టులు కాదు, ఐదు బోల్టులు విప్పితే చాలు. పాతది పెట్టేయొచ్చు. రేకు కోశాక ఏం విప్పుతావ్?" ఇదీ మాస్టారి ప్రశ్న.

కొడుకు ఊరుకోలేదు. "మీరు కూడా కోయిద్దామనే అనుకున్నారుగా? అమ్మ చెప్పింది" అన్నాడు మా ముందే. పెద్దాయన నవ్వేశారు. నిజమేనట. 1984లో ఈ కారును సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు ఆయనకీ టర్బో పిచ్చే. షెడ్డువాడితో బేరం కూడా అయింది. అదే నెలలో ఇంటి పైకప్పు రిపేరు వచ్చిపడింది. కారుకు దాచిన డబ్బు కప్పుకు పోయింది. "డబ్బుల్లేక బతికిపోయిందీ కారు" అన్నారు, ఆకుపచ్చ మడ్‌గార్డు మీద చెయ్యేసి.

బంకమట్టి ఉండలు

ఆరు నెలల కిందట ఇద్దరూ ఒక చోటికొచ్చారు. నాలుగు చక్రాలకూ ఆరు అంగుళాల ఫుక్స్ రిమ్ములు, 185/70 టైర్లు. అదే ఏడాది 911 ఎస్ కారుకు కంపెనీయే ఇచ్చిన కొలత. రేకు కోసే పనిలేదు. 'హెచ్' ప్లేటుకూ ఢోకా లేదు. టైరు రెండు సెంటీమీటర్లు వెడల్పయింది. కొడుక్కి ఏడు రాలేదు, తండ్రికి ఐదున్నర మిగల్లేదు.

బిగించే ముందు ఇద్దరూ కలిసి చేసిన పని వింటే ముచ్చటేసింది. టైరు భుజాల మీద పిల్లలాడుకునే బంకమట్టి ఉండలు అంటించారు. కారును స్టాండ్ల మీదికెత్తి, షాక్ అబ్జార్బర్ విప్పి, చక్రం కింద జాకీ పెట్టి పూర్తిగా పైకి తోశారు. పెద్ద గతుకులో పడితే చక్రం ఎంత లేస్తుందో అంతా. ఉండలు మడ్‌గార్డు లోపలి అంచుకు తగిలి ఎంత పల్చబడ్డాయో స్కేలుతో కొలిచారు. ముందు చక్రాలను ఎడమ కొస దాకా, కుడి కొస దాకా తిప్పి మళ్లీ కొలిచారు. లెక్కల మాస్టారు కదా, చిన్న నోటు పుస్తకంలో పట్టిక గీసి పెట్టుకున్నారు. అన్నిచోట్లా చిటికెన వేలు పట్టేంత ఖాళీ మిగిలింది. అన్నిటికంటే ఇరుకైనది వెనక కుడివైపు. ఎడమవైపు లేని ఇరుకు కుడివైపే ఎందుకుందో వెతికితే, ఎప్పుడో పాత యజమాని గుద్దించి సరిచేయించిన రేకు బయటపడిందట.

ఇంత చేశాక కూడా కారును తనిఖీ ఇంజినీరు ముందు నిలబెట్టాల్సిందే. ఆ కారు కాగితాల్లో లేని కొలత చక్రాలు వేస్తే ఆయన చూసి, సంతకం చేసి, కాగితాల్లో ఎక్కించాలి. లేకపోతే బండి రోడ్డు మీద తిరిగే అనుమతే చెల్లదు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కు. వీళ్ల కారు చూడటానికి ఆయన టార్చిలైటు వేసుకుని ప్రతి మడ్‌గార్డు లోపలికీ దూరారట. పావుగంట తర్వాత బయటికొచ్చి అడిగిన మొదటి ప్రశ్న, 'ఆ బంకమట్టి మరకలేమిటి?' అని.

"తేడా తెలుస్తోందా?" అని కొడుకుని అడిగాను. కొండ దిగే మలుపుల్లో వెనక భాగం ఇదివరకటంత కంగారు పెట్టడం లేదన్నాడు. పార్కింగ్‌లో మాత్రం భుజాలు నొప్పట. మాస్టారి మాట వేరు. ఆయనకు పాత సన్న చక్రాల మీద కారు చిన్న వేగంలో కూడా కాస్త జారుతూ, చెప్తూ, ఆడుకునేదట. ఇప్పుడు ఆ సరదా రావాలంటే ఇంకా వేగం పోవాలి, ఆ వయసు దాటిపోయిందన్నారు. ఈ మాటలో నిజముంది. పట్టు పెరిగేకొద్దీ కారు జారేది ఎక్కువ వేగంలోనే. అంత వేగంలో జారితే సరిదిద్దుకునే సమయమూ తక్కువే. నాకైతే తండ్రివైపే మొగ్గాలనిపించింది. కొడుకు ముందు చెప్పలేదనుకోండి.

మధ్యాహ్నం ముగ్గురం దగ్గర్లోనే ఒక చిన్న హోటల్లో మౌల్‌టాషెన్ తిన్నాం. మైదా పొరలో కూరిన కూర పెట్టి ఉడికించే స్వేబియన్ వంటకం. చూడ్డానికి తీపి లేని కజ్జికాయ. ఉపవాసం రోజుల్లో మాంసం దేవుడికి కనబడకుండా సన్యాసులు పిండిలో దాచేవారని దీని మీదో కథ ఉంది. శాకాహారులకు ఛీజ్ వేసిన ష్పెట్స్‌లె దొరుకుతుంది. బిల్లు మాస్టారే కట్టారు. పొదుపు జోకులన్నీ ఉత్తివేనన్నమాట.

బయల్దేరేముందు పాత చక్రాలేం చేశారని అడిగాను. అమ్మలేదట. నేలమాళిగలో బంగాళాదుంపల బస్తాల పక్కన చెక్క బల్ల మీద నాలుగూ పడుకోబెట్టి, పాత దుప్పటి కప్పి ఉంచారు. ఏది ముందు ఎడమో, ఏది వెనక కుడో సుద్దముక్కతో రాసి మరీ. కొడుకు ఆరు నెలలకోసారి వాటికి గాలి కొడుతుంటాడు.